పదకొండు మంది పిల్లలు, తొమ్మిది రకాల పిక్కలు

మా ఊరి అంగన్‌వాడీ నా పిక్కల కొట్టు ముందుగదిలో నడుస్తుంది. దాని సొంత ఇంటి కప్పు తిత్లీ తుపానుకి ఎగిరిపోయింది. కొన్నాళ్ళకే కదా అని గది ఇచ్చాను. ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు. వెనకగదిలో జీడిపిక్కల బస్తాలు, ముందుగదిలో పిల్లలు, మధ్యలో తాటాకు తడిక. వాళ్ళు నేర్చుకున్నవన్నీ తడిక ఇవతల నాకూ వచ్చేశాయి. ఏనుగు పాట మొత్తం వచ్చు. ఎవరూ అడగలేదు కాబట్టి పాడలేదు.

టీచరు పేరు భవాని. మా తమ్ముడి కోడలు. టెక్కలి దగ్గర పుట్టింది, ఇంటర్ పాసయింది. నన్ను మావయ్యా అంటుంది. వంటకీ, పిల్లల ముక్కులు తుడవడానికీ అప్పలమ్మ ఉంది. నేను ఆవిడకి వరసకి బావని. ఆవిడ ఉన్నచోట నేను మాట్లాడే అవసరం రాదు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఏర్పాటు ఇద్దరికీ బాగానే ఉంది.

పిల్లలు పదకొండు మంది. అందులో ఒకతి నా మనవరాలు యామిని. నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న లారీ మీద ఉంటాడు. వాళ్ళమ్మ కాశీబుగ్గలో జీడిపప్పు వొలుస్తుంది. పొద్దున్న ఏడింటికి తల్లి ఆటో ఎక్కిందంటే మళ్ళీ దీపాలు పెట్టేవరకు ఆ గుంట నా పూచీ.

మార్చి ఆఖరులో ఒక మాట వచ్చింది. పిల్లలు తక్కువున్న సెంటర్లని పక్క ఊళ్ళో కలిపేస్తారట. మా పక్క సెంటరు రైలుపట్టాలకి అవతల, సుమ్మాదేవి వైపు. అక్కడ గేటు లేదు. గూడ్సు బండి ఆగి ఉంటే జనం పెట్టెల కిందనుంచి దూరి అటు పోతారు. నేనూ చాలాసార్లు దూరాను. నేను దూరడం వేరు, యామిని దూరడం వేరు. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. ఎవరికీ చెప్పలేదు.

భవానే వచ్చి చెప్పింది. "మావయ్యా, గురువారం మా సూపర్‌వైజరు సుచిత్ర మేడం వత్తన్నారు. ఈ నెల పాఠం పండ్లు, వాటి ఉపయోగాలు. పిల్లలు అయిదు పండ్లయినా గుర్తుపట్టాల. అప్పుడే మన సెంటరు ఉంచమని రాత్తారట. నేదంటే పట్టాల అవతలికే."

"పటం ఉంది కదా," అన్నాను.

"పటం సంగతి నువ్వే విను," అని లోపలికి వెళ్ళింది.

విన్నాను. గోడకి పండ్ల పటం తగిలించి, కర్ర పెట్టి ఆపిల్ చూపించింది.

"ఇదేటి?"

"ఆపిల్," అన్నారు పదకొండుమందీ.

"ఎందుకు పనికొస్తాది?"

ప్రద్యుమ్న అని ఒకడున్నాడు. పేరు పెద్దది, చొక్కాకి బొత్తాలుండవు. వాడు లేచి, "ఆస్పత్రికి అట్టుకెళ్ళడానికి," అన్నాడు.

"అరటిపండు?"

"సామికి."

"నిమ్మకాయ?"

మా యామిని లేచింది. "లారీ సక్రం కింద ఎట్టి తొక్కించడానికి."

"కొబ్బరికాయ?"

"కొట్టడానికి," అన్నారు అందరూ. ఈ ఒక్కదాని మీద ఎవరికీ అనుమానం లేదు.

భవాని కర్ర కింద పెట్టేసింది. "తినడానికి అని ఒక్కరికీ నోరు రాదేటర్రా?"

ప్రద్యుమ్న ఈలోగా పటం దగ్గరికి వెళ్ళాడు. ఆపిల్ బొమ్మ కింద వేలు పెట్టి అటూ ఇటూ వెతుకుతున్నాడు.

"ఏటి సేత్తన్నావు రా?"

"పిక్కేది టీచర్? ఎవులో తుంపీసినారు."

జీడిపండుకి పిక్క బయట వేలాడుతుంది కదా. వాడికి తెలిసిన పండు అది. పిక్క తుంపేసిన పండు వాడి లెక్కలో అయిపోయిన పండు. నిజానికి ఆ రోజు పిల్లలు చెప్పిన దాంట్లో నాకు ఒక్క తప్పూ కనబడలేదు. అది భవానితో అనలేదు.

సాయంత్రం ఆమె ఒక చీటీ రాసి ఇచ్చింది. "పటం వల్ల కాదు మావయ్యా. నిజం పండ్లే తెచ్చి, కోసి, నోట్లో ఎట్టాల. అప్పుడు గాని బుర్రకెక్కదు. కాశీబుగ్గ ఎల్లి ఇవన్నీ అట్టుకురా."

బుధవారం వెళ్ళాను. బజారులో ఢిల్లీబాబు అని పండ్ల బండి అతను నాకు పాత పరిచయం. చీటీ ఇచ్చాను. ఆపిల్ పండ్లు ఏరుతూ మెల్లగా అడిగాడు.

"ఎవులికి బాగోనేదు మావా?"

"ఎవరికీ."

"మరి ఆపిలు?"

"పిల్లలకి."

"ఎంతమందికి?"

"పదకొండుమందికి."

అతను తూకం ఆపాడు. "పదకొండుమందికీ ఒక్కసారేనా. ఏటి తిన్నారు?"

ఇంకేం చెప్పాలో తెలీక, "గుడ్డు," అన్నాను. వాళ్ళు రోజూ తినేది అదే. అతను తల అడ్డంగా ఊపి, ఒక దానిమ్మ ఊరికే వేశాడు.

తిరుగు ఆటోలో సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. పైన ఆపిల్ పండ్లు కనబడుతున్నాయి. ఎదురుగా కూచున్నావిడ నా వైపు చూసింది, సంచి వైపు చూసింది. "పలాస పెద్దాసుపత్రి నించేనా బావూ?" అంది. కాదన్నాను. ఆమె జాలిగా జరిగి కాళ్ళు చాపుకోడానికి చోటిచ్చింది. మా ఉద్దానంలో కాదన్నవాడినే ఎక్కువ అనుమానిస్తారు.

కబురు నాకంటే ముందే చేరింది. నేను ఇల్లు చేరేసరికి రత్నాలమ్మ అరుగు మీద కూచుని ఉంది. మా వీధిలో పెద్దావిడ. చెంబుతో బార్లీనీళ్ళు తెచ్చింది.

"నాకేం నేదు," అన్నాను.

"మా ఆయన కూడా ముందలగే అన్నాడు," అంది. తాగేవరకు కదల్లేదు. నేనసలే తక్కువ మాట్లాడతానా, ఈమధ్య ఇంకా తగ్గించేశానని, అప్పుడే అనుకున్నామని వీధిలో చెప్పుకున్నారట. అది రాత్రి అప్పలమ్మ చెప్పింది.

గురువారం పొద్దున్నే భవాని పండ్లన్నీ కడిగింది. మామిడి, సపోటా, బొప్పాయి, పుచ్చకాయ, ఆపిల్, బత్తాయి, దానిమ్మ, జామ, అరటి, గింజల్లేని ద్రాక్ష. అప్పలమ్మ పెరట్లో ముందుగా పండిన పనస ఒకటి ఉంటే అదీ తెచ్చింది. మొత్తం పదకొండు రకాలు. పెద్దవి కోసింది. చాప చాలలేదు. "మావయ్యా, నీ టార్పాలిను ఒకటియ్యి," అంది. నీలం టార్పాలిన్ కడిగి ఇచ్చాను. దాని మీద అందంగా పోసింది. పక్కన పళ్ళేలకి బదులు నా వెదురుతట్టలు రెండు పెట్టింది.

పది దాటాక మేడం నుంచి ఫోనొచ్చింది. కారు మలుపు దగ్గర దారి తప్పి కొబ్బరితోటలో దూరిందట. భవాని స్కూటీ తీసింది.

"మావయ్యా, పిల్లల్ని సూత్తా ఉండు. ఎవులూ పండు నోట్లో ఎట్టకుండా సూడు. మేడం వచ్చినాకే."

సరేనన్నాను. అప్పలమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేను గుమ్మంలో పీట వేసుకుని కూచున్నాను.

ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఏప్రిల్ నెలలో మా ఊళ్ళో టార్పాలిన్ మీద పండ్లు పోసి, పక్కన తట్టలు పెట్టి ఉంటే చేసే పని ఒకటే. తెల్లారి తోటలో రాలిన జీడిపండ్లు తెచ్చి పోస్తాం. ముసలీ ముతకా పిల్లాపాపా చుట్టూ కూచుంటాం. పండు పట్టుకుని పిక్క మెలితిప్పి తుంపడం, పిక్క తట్టలో వెయ్యడం, పండు వెనక్కి విసిరెయ్యడం. పండు ఎవరికీ అక్కర్లేదు. పిక్కే బతుకు. నడక రాని పిల్లలు కూడా ఈ పని చూస్తూనే పాకుతారు.

మొదట యామిని జరిగి కూచుంది. ఒక సపోటా తీసి, రెండు బొటనవేళ్ళతో విప్పి, నల్లపిక్కలు తట్టలో వేసింది. పండు చూడకుండా వెనక్కి విసిరింది. అది కిటికీ బయట పడింది. అక్కడ నా పెయ్యదూడ కట్టేసి ఉంది. తర్వాత ప్రద్యుమ్న. తర్వాత అందరూ. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అరవలేదు. గుండ్రంగా కూచుని పని మొదలుపెట్టారు.

నేను చూస్తూనే ఉన్నాను. నాకు తప్పని తోచలేదు. పైగా చూడముచ్చటగా ఉంది. ఒక పిల్లకి మామిడి టెంక జారిపోతుంటే, "గుజ్జు ఉంచకమ్మా, బూజు పడతాది," అన్నాను. ఆపిల్ వాళ్ళ చేతులకి లొంగలేదు. జేబులో కత్తి తీసి నేనే చీల్చి ఇచ్చాను. పుచ్చగింజలు ఒకచోట కుప్పపోస్తుంటే, "పల్చగా ఆరబెట్టండి," అని గోనె పరిచాను.

భవాని చెప్పిన మాట మాత్రం మరవలేదు. ఒక్కరూ నోట్లో వేలు పెట్టలేదు. నేను చూడక్కర్లేకపోయింది కూడా. జీడిసొన నోటికి తగిలితే పెదవులు పొక్కిపోతాయి కాబట్టి, పిక్కల పనిలో చెయ్యి నోటి దగ్గరికి పోకూడదని మా పిల్లలకి పాలతోపాటే నేర్పుతాం. ఇంటిదాకా వచ్చిన ఆపిల్ని ఆ పిల్లలు నాకి కూడా చూడలేదు.

అరటిపండు వొలిచి ప్రద్యుమ్న లోపలంతా వెతికాడు. "తాతా, ఇది తాలు," అన్నాడు. పిక్క పట్టనిదాన్ని మేము తాలు అంటాం. "అయితే పారీ," అన్నాను. ద్రాక్షలు ఒకటొకటిగా నొక్కి చూసి, అవీ తాలే అని తేల్చారు. దానిమ్మ విప్పినప్పుడు మాత్రం అందరూ లేచి చూశారు. "ఇది మంచి పండు తాతా, అంతా పిక్కలే," అంది యామిని.

పావుగంటలో టార్పాలిన్ ఖాళీ.

అప్పుడు స్కూటీ చప్పుడయింది. వెనక కారు. అప్పుడు తెలిసింది నాకు. లేచి నిలబడ్డాను. నిలబడి చేసేదేమీ లేదు కాబట్టి మళ్ళీ కూచున్నాను.

సుచిత్ర మేడంకి నలభై ఏళ్ళుంటాయి. మీగడరంగు చీర, చేతిలో పెద్ద ఫోను. గుమ్మంలో ఆగి లోపలికి చూసింది. భవాని ఆమె భుజం మీంచి చూసింది. టార్పాలిన్ మీద ఏమీ లేదు. గోనె మీద గింజలు వరసగా ఆరుతున్నాయి. పిల్లలు చేతులు ఒళ్ళో పెట్టుకుని, పని పూర్తిచేసిన మనుషుల్లా కూచున్నారు.

"పండ్లు ఏవి భవానీ?"

కిటికీ బయట పెయ్య ఆపిల్ నమిలిన చప్పుడు అందరికీ వినబడింది.

మేడం నా వైపు తిరిగింది. "మీరెవరండీ?"

"కొట్టు నాదమ్మా."

"పిల్లలు ఇదంతా చేస్తుంటే మీరు చూస్తూ ఊరుకున్నారా?"

"నేదమ్మా. సాయం సేసినాను."

అప్పలమ్మ గరిటెతో సహా వచ్చింది. గోనె చూసి, "పనస పిక్కలు అయినా ఉంచినారు, కూరకి పనికొస్తాయి," అంది. భవాని ఆవిడ చెయ్యి పట్టుకుని నొక్కింది.

మేడం బల్ల మీద కూచుని ఫోనులో ఫారం తెరిచింది. ఆ వేలు ఫోను మీద కదులుతుంటే నాకు గూడ్సు బండి పెట్టెల కింద చీకటి కనబడింది. ఆ పిల్లని భుజం మీద వేసుకుని రోజూ నేనే దాటిస్తాను, వంగగలిగినన్నాళ్ళు, అనుకున్నాను.

"పిల్లలు కనీసం అయిదు పండ్లు గుర్తించాలి," అని చదివింది మేడం. చుట్టూ చూసింది. గుర్తించడానికి ఒక్క పండూ లేదు. విసుగ్గా వంగి గోనె మీంచి ఒక గింజ తీసింది. "సరే, ఇదేమిటి?"

"సపోటా," అన్నారు పదకొండుమందీ.

ఇంకోటి తీసింది.

"బొప్పాయి."

"ఇది?"

"జామ."

"ఇది ఆపిల్, కదా?" అంది మేడం.

యామిని లేచి దగ్గరికి వెళ్ళింది. ఆమె అరచేతిలోకి తొంగిచూసింది. "కాదు. బత్తాయి. ఆపిల్‌ది గోధుమరంగు, మొన సన్నగా ఉంటాది. ఇదిగో." అని ఒకటి తీసి పక్కన పెట్టింది.

మేడం రెండూ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "అవును," అంది. తర్వాత పుచ్చ, దానిమ్మ, మామిడి, పనస అడిగింది. ఒక్కటీ తప్పలేదు. వేళ్ళు మడిచి తొమ్మిది అంది. మళ్ళీ మొదటినుంచి మడిచింది. తొమ్మిదే.

"మరి అరటి?"

"తాలు," అన్నాడు ప్రద్యుమ్న.

"తాలంటే?"

"పనికిరాంది."

మేడం పెదవి కొరుక్కుంది. నవ్వో కోపమో నాకు తెలీలేదు. "ఉపయోగాలు అడుగుతాను. పండు ఎందుకు పనికొస్తుంది పాపా?"

"పెయ్యకి," అంది యామిని.

"పిక్క?"

"ఎండబెట్టాల. సెవి కాడ ఆడిత్తే గలగలమనాల. అప్పుడు బస్తాకెత్తాల." ఒక మామిడి టెంక తీసి చెవి దగ్గర ఊపి చూసింది. "ఇది ఇంకా పచ్చి."

"మరి మనం ఏం తింటాం?"

యామిని ఆలోచించి, "గుడ్డు," అంది.

భవాని గోడ వైపు తిరిగిపోయింది. మేడం ఫోను కింద పెట్టింది. "ఇవన్నీ రాసుకుంటాను. కానీ ఫొటో పెట్టాలమ్మా. పిల్లలు పండు పట్టుకుని, తింటూ ఉన్న ఫొటో. అది లేకపోతే ఫారం ముందుకి కదలదు. నేనేం చెయ్యలేను."

పండ్ల బండి కాశీబుగ్గలో ఉంది. వెళ్ళి వచ్చేసరికి మేడం ఉండదు.

నేను తట్ట తీసుకుని లేచాను. కొట్టు వెనకే తోట. పొద్దున పిక్కలు తుంపి విసిరేసిన జీడిపండ్లు చెట్టు కింద కుప్పగా ఉన్నాయి, ఎర్రవీ పసుపువీ. వాటిని వదిలేసి, చెట్టు మీదవే పదిహేను కోశాను, పిక్కలతో సహా. బావి దగ్గర కడిగి తెచ్చి టార్పాలిన్ మీద పోశాను.

మేడం ఒకటి చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. "ఉప్పుందా?" అంది.

అప్పలమ్మ తెచ్చింది. మేడం పిక్క తుంపి పిల్లల తట్టలో వేసింది. పండు నాలుగు చీలికలు చేసి, ఉప్పు రాసి, ఒకటి నోట్లో పెట్టుకుంది. "మాది నౌపడ," అంది నమిలి మింగి. "మా నాన్న ఉప్పుమడుల్లో పని. మాకు ఉప్పు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. రైల్లో ఎవరైనా జీడిపండ్లు తెస్తే పండగే. ఉప్పు రాస్తే గొంతు పట్టదు."

పిల్లలు ఆమె నోటివైపే చూస్తున్నారు. చెత్తకుప్పలోది తీసి పెద్దమనిషి తింటే ఎలా చూస్తారో అలా.

"మేడం, అది పారీసేది," అన్నాడు ప్రద్యుమ్న, ఆవిడ పరువు పోకుండా, మెల్లగా.

"తిని చూడు."

వాడు నా వైపు చూశాడు. తల ఊపాను. చేతులు కడిగించాక తిన్నాడు. మొహం ముడిచాడు, విప్పాడు, ఇంకోటి అడిగాడు. ఆ తర్వాత తట్టలో ఒక్క పండు మిగల్లేదు. మా తోటలో అరవై ఏళ్ళుగా కాస్తున్న పండు అది. నేనూ ఒక ముక్క తిన్నాను. అరవై ఏళ్ళు పొరబాటు పడ్డామేమో అనిపించింది.

ఫొటోకి అందరూ మేడం మీద పడ్డారు. రసం ఆమె మీగడరంగు చీర మీద మోకాలి నుంచి కిందిదాకా కారింది. అప్పలమ్మ కొంగుతో తుడవబోతే, "పర్లేదు, ఉతికితే పోతుంది," అంది మేడం. నేనేదో అనబోయాను. భవాని నా కాలు తొక్కింది.

కొబ్బరిచెట్టు కింద ఒక్కచోటే సిగ్నలు అందుతుంది. అక్కడ నిలబడి ఫొటో పంపి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు ఎవరూ ఏ కబురూ చెప్పలేదు. భవాని అన్నం సరిగా తినలేదని తమ్ముడు చెప్పాడు. సోమవారం ఫోనొచ్చింది. భవాని అందరికీ వినబడేలా పెట్టింది.

"భవానీ, ఆ కొట్టు పెద్దాయన ఉన్నారా? ఒకసారి ఇవ్వు." ఫోను నా మొహం ముందుకి వచ్చింది. "ఏమండీ, చీర మూడుసార్లు ఉతికాను. నిమ్మకాయ పెట్టాను, సోడా పెట్టాను. మరక ఇంకా నల్లబడుతోంది. ఏం చేస్తే పోతుంది?"

భవాని చేతులు జోడించి నా వైపు చూస్తోంది. ఏదో ఒక మంచి మాట చెప్పమని. అప్పలమ్మ కూడా మొదటిసారి నోరు మూసుకుంది. మంచి మాట కోసం వెతికాను.

"జీడిరసం మరక అమ్మా," అన్నాను. "సీర సిరిగిపోయినా అది ఉంటాది."

అటువైపు నుంచి ఒక నిట్టూర్పు. "మా అమ్మ కూడా అదే అంది. సరే, భవానీ, విను. తొమ్మిది పండ్లు గుర్తించినట్టు, పండు తిన్నట్టు రాశాను. మీ సెంటరు అక్కడే ఉంచుతున్నారు. వచ్చే నెల పాఠం పెంపుడు జంతువులు. ఈసారి పెద్దాయన్ని తోటలో ఉంచు."

ఫోను పెట్టేశాక భవాని గడప మీద కూచుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. అప్పలమ్మ అదే పనిగా మాట్లాడింది. నేను యామినిని ఎత్తుకుని తోటలోకి వెళ్ళాను. దూరంగా గూడ్సు బండి ఆగిన చప్పుడు వినబడింది. ఆగనీ అనుకున్నాను.

రత్నాలమ్మ ఇప్పటికీ నాకు బార్లీనీళ్ళు తెస్తోంది. తగ్గుముఖం పట్టిందని ఊళ్ళో చెబుతోంది. పిల్లలిప్పుడు తుంపిన పండు వెనక్కి విసరడం లేదు, ఉప్పు అడుగుతున్నారు. అందువల్ల నష్టపోయింది పెయ్య ఒక్కటే. రోజూ పదింటికల్లా కట్టుతాడు సాగదీసుకుని వచ్చి, కిటికీలోకి మూతి పెట్టి, పాఠం అయ్యేదాకా అక్కడే నిలబడుతోంది.